వానాకాలానికి ముందు ఓఆర్‌ఎస్ ప్రచారం: వాట్సాప్, రీల్స్‌లో ఏం పెట్టాలి, ఎలా పెట్టాలి?

చెరువుకట్ట · ఉదయం 8:12
తొలకరి తర్వాత చిన్నపిల్లల్లో నీళ్ల విరేచనాలు పెరుగుతాయి కదా. జూన్ రెండో వారం నుంచి ఆరు వారాలు మండలం మొత్తానికి సోషల్ మీడియాలో ప్రచారం చేయాలని పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం), యువజన సంఘం కలిసి అనుకున్నాయి. ఊరి వాట్సాప్ గ్రూపులు ఉన్నాయి, ఒక ఇన్‌స్టా పేజీ ఉంది, వీడియోలు ఎడిట్ చేయగల కుర్రాళ్లు ఉన్నారు. డబ్బు పెద్దగా లేదు. మొదటి పోస్టర్ డ్రాఫ్టులో చేతులు కడుక్కోవడం, మరుగుదొడ్డి, నీళ్లు కాచడం, ఓఆర్‌ఎస్ (విరేచనాలప్పుడు నీళ్లలో కలిపి తాగించే ఉప్పు–గ్లూకోజ్ పొడి), జింక్ బిళ్లలు, తల్లిపాలు అన్నీ వచ్చాయి. ఎలా ముందుకెళ్లాలి? పనిచేసిందో లేదో తెలిసేది ఎలా?

చిన్నారి_వైద్యం · ఉదయం 8:40
ఆ పోస్టర్ పంచాయతీ ఆఫీసు గోడకు పనికొస్తుంది, ఫోనుకు పనికిరాదు. ఫోన్లో ఒక పోస్టుకు ఒక పనే చెప్పాలి. మొదటి రెండు వారాలూ ఒకే పని పట్టుకోండి: ప్యాకెట్ మొత్తం ఒకేసారి, సరైన కొలత నీళ్లలో కలపడం. ప్రాణం మీదకు తెచ్చేది అక్కడ జరిగే తప్పే.

బజారులో రెండు సైజులు ఉన్నాయి. పెద్దది 20.5 గ్రాములు, లీటరు నీళ్లకు. చిన్నది నాలుగు గ్రాముల పైచిలుకు, 200 మి.లీ. నీళ్లకు. పెద్ద ప్యాకెట్‌ను గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు ఐదింతలు చిక్కనవుతుంది. పిల్లాడి రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ దాకా పోవచ్చు. అలాగని రోజుకు కొంచెం కొంచెంగా చెంచాతో తీసి కలిపితే అందులోని నాలుగు పదార్థాలు సమంగా రావు. తెరిచిన ప్యాకెట్‌లోకి చెమ్మ చేరి గడ్డకడుతుంది కూడా.

కలిపిన నీళ్లు 24 గంటల వరకే. మిగిలితే పారబోయాలి. కలిపాక కాచకూడదు. చక్కెర, పాలు, కూల్‌డ్రింక్, పళ్లరసం ఏదీ చేర్చకూడదు.

మందుల_షాపు · ఉదయం 9:05
డాక్టర్ గారు చెప్పినదానికి ఒక మాట. ‘లీటరు’ అని రాసి వదిలేయకండి. చాలా ఇళ్లలో కొలత పాత్ర ఉండదు. లీటరు వాటర్ బాటిల్ మాత్రం ఎక్కడైనా దొరుకుతుంది. బొమ్మలో ఆ బాటిలే చూపించండి, మెడ దాకా నిండుగా. ప్యాకెట్ వెనక ‘1 లీటరు నీటిలో’ అని ముద్రించిన చోటు వేలితో చూపిస్తూ ఒక షాటు తీయండి. 200 మి.లీ. ప్యాకెట్‌కు వేరే పోస్టు చేయండి. రెండూ ఒకే బొమ్మలో పెడితే కలగాపులగం అవుతుంది.

ఇంకోటి, అసలైనది. షాపుకొచ్చి ‘ఓఆర్‌ఎస్ ఇవ్వండి’ అంటే కొన్నిచోట్ల చేతికి వచ్చేది టెట్రా ప్యాకెట్ జ్యూస్. దీని మీద కచ్చితంగా పోస్టు ఉండాలి.

లేబుల్_చదువరి · ఉదయం 9:31
అవును, దీనికి మన హైదరాబాద్‌లోనే పెద్ద ఉదాహరణ ఉంది. పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి సోషల్ మీడియాలో ఇదే విషయం మీద వీడియోలు పెట్టారు, హైకోర్టులో పిల్ (ప్రజా ప్రయోజన వ్యాజ్యం) వేశారు. ఓఆర్‌ఎస్ అన్న మాటను బ్రాండు పేరులో పెట్టుకుని, ‘ఇది డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా కాదు’ అని పక్కన రాస్తే సరిపోతుందన్న వెసులుబాటు 2022, 2024 ఉత్తర్వులతో కంపెనీలకు ఉండేది. 2025 అక్టోబర్ 14న దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ వెసులుబాటును ఎత్తేసింది. ఆవిడ వీడియోల్లో గమనించాల్సింది ఏంటంటే, ‘అవి మంచివి కావు’ అని ఊరుకోలేదు. డబ్బా తిప్పి చక్కెర ఎంతుందో చూపించారు.

మీరు కూడా బ్రాండు పేర్ల జోలికి పోకుండా అంకెలు చూపించండి. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా లీటరుకు: ఉప్పు 2.6 గ్రా., గ్లూకోజ్ 13.5 గ్రా., పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రా., ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రా. తల్లులకు ఇదంతా అక్కర్లేదు. లేబుల్ మీద 100 మి.లీ. లెక్కన ఉంటుంది కాబట్టి దాన్ని అలా మార్చి ఇవ్వండి: చక్కెర సుమారు 1.35 గ్రాములు, సోడియం సుమారు 172 మి.గ్రా. చేతిలో ఉన్న డబ్బా మీద చక్కెర 8, 10 గ్రాములు అని ఉంటే అది జ్యూసు. ఎక్కువ చక్కెర పేగులోకి ఇంకా నీటిని లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి.

ఫ్రేమ్_కట్ · ఉదయం 10:20
వీడియో సంగతి నేను చెప్తా. 40 సెకన్లు దాటించొద్దు. నిలువు ఫ్రేము, 9:16. ‘నమస్కారం, మన పీహెచ్‌సీ తరఫున…’ అని మొదలుపెడితే మూడో సెకనుకే వేలు పైకి జారిపోతుంది. మొదటి ఫ్రేములోనే చేతిలో ప్యాకెట్, పక్కన బాటిల్. లోగోలు, అధికారుల ఫొటోలు ఆఖరి రెండు సెకన్లకు నెట్టండి. ఆ ఫొటో ముందు పెట్టాలని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, అప్పుడు ఈ పోస్టు చూపించండి.

చాలామంది సౌండ్ లేకుండా చూస్తారు కాబట్టి తెర మీద పెద్ద అక్షరాలు తప్పనిసరి. రీల్స్‌లో కింది మూడో వంతు మీదకు క్యాప్షన్, బటన్లు వస్తాయి, అక్కడ ఏమీ రాయొద్దు.

వాట్సాప్‌కు వేరే కాపీ తీయండి. 720పి, సెకనుకు 2.5 మెగాబిట్ల లెక్కన 40 సెకన్లకు 12.5 ఎంబీ వస్తుంది. 16 ఎంబీ లోపు ఉంటే పాత ఫోన్లకు కూడా ఇబ్బంది లేదు. పెద్ద ఫైలు పెడితే యాప్ దాన్ని పిండేస్తుంది, ప్యాకెట్ మీది అక్షరాలు అలుక్కుపోతాయి.

యూట్యూబ్‌లో అప్‌లోడ్ చేసేటప్పుడు ‘పిల్లల కోసం తీసినది’ అని టిక్ పెట్టకండి. వీడియోలో పిల్లాడున్నా చూడాల్సింది తల్లిదండ్రులు. ఆ టిక్ పెడితే కామెంట్లు మూసుకుపోతాయి, జనం అడిగే అనుమానాలు మీ దాకా రావు.

అక్షరాల_కొట్టు · ఉదయం 10:48
పోస్టర్‌కు 1080×1350 సైజు. పాతిక మాటలకు మించొద్దు. డీటీపీ సెంటర్లో అనూ ఫాంట్లతో కొట్టించిన మ్యాటర్‌ను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గీతలొస్తాయి. మ్యాటర్ మొదట యూనికోడ్‌లో (ఫోన్లన్నీ చదవగలిగే అక్షరాల్లో) టైపు చేయండి, ఆ తర్వాతే డిజైన్. హెడ్డింగుకు రామభద్ర, లోపలి మాటలకు మండలి లేదా నోటో సాన్స్ తెలుగు బాగుంటాయి, అన్నీ ఉచితమే. కొన్ని ఫోన్ ఎడిటింగ్ యాప్‌లలో ఒత్తులు విడిపోతాయి. ‘విరేచనాలు’కు ఏమీ కాదు గానీ ‘గ్లూకోజ్’, ‘స్పూన్’ చూడండి, విరిగితే యాప్ మార్చండి.

పోస్టర్ మూలలో తేదీ, మండలం పేరు వేయాలి. బొమ్మ మీదే వేయాలి, క్యాప్షన్లో కాదు. ఫార్వర్డ్ అయ్యేకొద్దీ క్యాప్షన్ ఊడిపోతుంది. ఇవాళ్టి ‘నీళ్లు తాగొద్దు’ హెచ్చరిక వచ్చే ఏడాది ఇంకో ఊళ్లో తిరిగి భయపెడుతుంది.

బస్తీ_అక్క · ఉదయం 11:30
అందరు బొమ్మలు, అక్షరాలు అంటున్నరు. చదువు రానోళ్ల సంగతేంది? ఆడియో పెట్టున్రి. 30, 40 సెకన్ల వాయిస్ మెసేజ్, ఆ ఊరి ఆశా వర్కర్ గొంతుతోని. పేపర్ల భాష కాదు, ఇంట్ల మాట్లాడే తీరు. ఆ గొంతు ఊర్ల అందరు ఎరిగిందే గద, ఇది నిజమా అబద్ధమా అని అడిగే పని ఉండది. తండాలకు లంబాడీల ఇంకోటి చేయించున్రి, ముస్లిం బస్తీలకు ఉర్దూల. తెలుగుది పెట్టి ‘అర్థమైతదిలే’ అనుకోవద్దు.

ఇంకో ముచ్చట. పిల్లగానికి మోషన్లు అయితే తిండి, నీళ్లు బంద్ పెట్టేది ఎక్కువగ అమ్మమ్మలు, నానమ్మలు. తల్లికి చెప్తె సగం పనే అయితది. అత్తకు చెప్పాలె.

చిన్నారి_వైద్యం · ఉదయం 11:52
@బస్తీ_అక్క, నూటికి నూరు పాళ్లు నిజం అక్కా. ‘లంఖణం పరమౌషధం’ అన్న సామెత ఇక్కడ పిల్లలకు చేటు చేస్తోంది. ఆ సామెతను వెక్కిరిస్తే మాత్రం పెద్దవాళ్లు ఫోను పక్కన పడేస్తారు. ‘పెద్దలకు అజీర్తి చేసినప్పటి మాట అది, పసిపిల్లలకు కాదు’ అని ఆ నానమ్మ వయసు ఆవిడ చేతే చెప్పించండి. తల్లిపాలు ఆపొద్దు, పలచటి పప్పన్నం, అరటిపండు పెట్టొచ్చు అని కలపండి.

ఎంత తాగించాలి అన్నది మూడో వారం పోస్టు. రెండేళ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మి.లీ., రెండు నుంచి పదేళ్ల వాళ్లకు 100 నుంచి 200 మి.లీ. చెంచాతో, నిమిషానికో రెండు నిమిషాలకో ఒక చెంచా. గడగడా తాగిస్తే వాంతి చేసుకుంటారు, ‘ఓఆర్‌ఎస్ పడలేదు’ అని ఇంట్లో ఆపేస్తారు. ఈ పద్ధతి మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు ఇదే. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టాలి.

పోస్టర్లో పాలసీసా బొమ్మ ఎక్కడా రాకూడదు. సీసా, పీక శుభ్రం చేయడం కష్టం, విరేచనాలకు అదే కారణమవుతుంది. కప్పు, చెంచా మాత్రమే. ఉచిత బొమ్మల సైట్లలో ‘బేబీ’ అని వెతికితే సీసాలే వస్తాయి, డిజైనర్‌కు ముందే చెప్పండి.

ఏజెన్సీ_దారి · మధ్యాహ్నం 1:15
ఇంట్లో చేసుకునే ఉప్పు–చక్కెర నీళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. వాగు పొంగితే రెండు మూడు రోజులు ప్యాకెట్ చేరని గూడేలు అల్లూరి జిల్లాలోనూ, భద్రాద్రి వైపూ ఉన్నాయి. లీటరు నీళ్లకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, చెంచాలు తలగొట్టినవి (అంచుకు సమంగా). దీన్నీ పోస్టు చేయాలి.

చిన్నారి_వైద్యం · మధ్యాహ్నం 1:34
నేను ఒప్పుకోను. తెర మీద చూసినవాళ్లకు ‘ఆరు, అర’ గుర్తుంటాయి, ‘తలగొట్టినవి’ గుర్తుండదు. ఉప్పు చెంచా గోపురంలా నింపితే మళ్లీ చిక్కటి ద్రావణమే. పైగా అందులో పొటాషియం ఉండదు. ప్యాకెట్ వచ్చేలోపు ఉప్పు వేసిన గంజి, పలచటి మజ్జిగ తాగించమనండి, తప్పు జరిగినా ప్రమాదం తక్కువ.

ఏజెన్సీ_దారి · మధ్యాహ్నం 1:50
మైదానంలో అది సరే. గూడెంలో చక్కెర ఉంటుంది, మజ్జిగ ఉండదు. అన్ని మండలాలకూ ఒకే పోస్టు అన్నదే నాకు నచ్చనిది.

చిన్నారి_వైద్యం · మధ్యాహ్నం 2:06
అయితే ఇలా చేద్దాం. మండలం గ్రూపుల్లో గంజి, మజ్జిగే. దారి తెగే గూడేలకు మాత్రం ఆశా ఎదురుగా చేసి చూపించి, వాళ్లతో చేయించి, ఆ తర్వాతే ఆ వీడియో ఇవ్వాలి. అంతకన్నా ముఖ్యం, వానలు పడకముందే ఇంటికి రెండు ప్యాకెట్లు చేర్చడం. ఐదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లకు ఓఆర్‌ఎస్ పంచే ప్రభుత్వ కార్యక్రమం 2014 నుంచి ఏటా ఉంది. మీ ప్రచారాన్ని ఆ పంపిణీ తేదీలకు కట్టండి. సబ్ సెంటర్లో ప్యాకెట్ లేనప్పుడు ‘వెళ్లి తెచ్చుకోండి’ అని పోస్టు పెడితే తర్వాతి పోస్టును ఎవరూ నమ్మరు.

గ్రూప్_అడ్మిన్ · మధ్యాహ్నం 3:10
వాట్సాప్‌లో ఎలా పంపాలో రాస్తున్నా. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందే పడతారు, అదీ మీ నంబరు వాళ్ల ఫోన్లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ చేరుతుంది. ఇంటింటికీ తిరిగే ఆశా నంబరు అందరి దగ్గరా ఉంటుంది కాబట్టి ఆవిడ ఫోను నుంచి వెళ్లేదే నికరంగా చేరుతుంది. గ్రూపులో 1,024 మంది దాకా పడతారు గానీ, అక్కడ తల్లుల నంబర్లు అందరికీ కనబడతాయి. రాత్రిళ్లు అపరిచితుల నుంచి మెసేజ్‌లు మొదలైతే ఆడవాళ్లు గ్రూపు వదిలేస్తారు. కమ్యూనిటీలోని అనౌన్స్‌మెంట్ గ్రూపు వాడండి, సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనబడవు. లేదా చానల్ పెట్టండి.

ఒకే మెసేజ్‌ను ఒకసారికి ఐదు చాట్లకే ఫార్వర్డ్ చేయగలం. చాలాసార్లు చేతులు మారి రెండు బాణాల గుర్తు పడితే ఒకసారికి ఒక్క చాటుకే. అందుకని ఒకరి నుంచి ఒకరికి గొలుసులా పంపకండి. అసలు ఫైలు ప్రతి ఊరి అడ్మిన్‌కూ విడిగా ఇచ్చి, వాళ్ల ఫోను నుంచి కొత్తగా అప్‌లోడ్ చేయించండి.

తప్పు దొర్లితే 15 నిమిషాల్లోపు ఎడిట్ చేయొచ్చు. దాదాపు రెండున్నర రోజుల వరకు ‘అందరికీ డిలీట్’ పనిచేస్తుంది. అయితే అప్పటికే ఫార్వర్డ్ అయిన కాపీలు పోవు. సవరణ అని పెద్దగా రాసి కొత్త పోస్టు పెట్టండి.

చెరువుకట్ట · మధ్యాహ్నం 3:42
ఒక ఊళ్లో ఒకేసారి పదిమందికి విరేచనాలు మొదలై, ‘ట్యాంకులో ఏదో కలిపారు’ అని ఆడియో తిరిగితే ఏం చేయాలి?

మండల_ఆరోగ్యం · సాయంత్రం 4:25
దీనికి ముందే కాగితం మీద ఒప్పందం ఉండాలి: ఎవరు ధ్రువీకరిస్తారు, ఎవరు పోస్టు చేస్తారు, ఎంతసేపట్లో. మెడికల్ ఆఫీసర్ సెలవులో ఉంటే ఆయన తరఫున ఎవరు? ఇది తేలకపోతే ‘సార్ చూసి చెప్తారు’ అంటూ సాయంత్రమైపోతుంది. ఆలోపు ఆడియో మూడు మండలాలు తిరుగుతుంది.

మొదటి పోస్టు రెండు గంటల్లోపు పడాలి. అన్నీ తెలిసే దాకా ఆగొద్దు. తెలిసింది ఏంటి, ఏ నీళ్లు వాడొద్దు, బదులు నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, తర్వాతి సమాచారం ఎన్ని గంటలకు. ఆ చెప్పిన గంటకు కొత్త సంగతి ఏమీ లేకపోయినా పోస్టు పెట్టాలి. పుకారు ఆడియోను మళ్లీ పెట్టి ‘ఇది అబద్ధం’ అని రాయకండి. వినేవాళ్లు ఆడియోనే వింటారు. నిజంతో మొదలుపెట్టి, పుకారును ఒక్క వాక్యంలో ప్రస్తావించి, మళ్లీ ఏం చేయాలో చెప్పి ముగించండి.

‘కలరా’ అన్న మాట ల్యాబ్ రిపోర్టు వచ్చి, జిల్లా వైద్యాధికారి డీఎంహెచ్‌ఓ ప్రకటించాకే. ఊరి పేరు చెప్పొచ్చు, కాలనీ పేరుతో ‘ఫలానా వాళ్ల దగ్గర రోగం’ అనేలా రాయొద్దు. దాని పర్యవసానం పనిలోకి పిలవకపోవడం, బావి దగ్గర గొడవలు. సెలైన్ ఎక్కుతున్న పిల్లల ఫొటోలు అసలే వద్దు, తండ్రి సరే అన్నా సరే. ఆ పిల్లాడి ముఖం ఎప్పటికీ నెట్‌లో ఉండిపోతుంది.

క్లోరిన్ బిళ్లల పోస్టులో ‘బిందెకు ఒకటి’ అని రాస్తారు చాలామంది, అది ఆపండి. బిళ్లల బలం ఒకేలా ఉండదు. ఎన్ని లీటర్లకో స్ట్రిప్ మీద ఉంటుంది, అది చూపించండి. వేశాక అరగంట ఆగాలి. నీళ్లు మురికిగా ఉంటే ముందు గుడ్డతో వడకట్టాలి, లేకపోతే క్లోరిన్ ఆ మట్టి మీదే ఖర్చయిపోతుంది.

లెక్కల_పుస్తకం · సాయంత్రం 5:50
పనిచేసిందో లేదో తెలిసేది ఎలా అని మొదట్లో అడిగారు. వ్యూస్, లైకులు రిపోర్టులో నింపడానికి తప్ప దేనికీ పనికిరావు. పోస్టు బయటికి వెళ్లకముందే ఐదుగురు తల్లులకు ఒకసారి చూపించి, ప్యాకెట్, బాటిల్ చేతికిచ్చి ‘చేసి చూపించమ్మా’ అనండి. అర్థమైందా అని అడగొద్దు, అందరూ అయింది అంటారు. ఇద్దరు ఒకేచోట తడబడితే ఆ షాటు మళ్లీ తీయాలి. మూడో వారంలో వేరే ఊళ్లో ఇదే పరీక్ష మళ్లీ పెట్టండి.

‘ఓఆర్‌ఎస్ అమ్మకాలు పెరిగాయి’ అన్నది ఒక్కటే చూస్తే మోసపోతారు. వానలు పడితే ప్రచారం లేకపోయినా పెరుగుతాయి. @మందుల_షాపు గారి లాంటి వాళ్లను అడిగి, అదే షాపులో వారానికి ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఎన్ని, జ్యూస్ టెట్రా ప్యాకెట్లు ఎన్ని అని రాసుకోండి. రెండింటి నిష్పత్తి మారితే అది మీ పోస్టుల వల్లేనని కొంత ధైర్యంగా చెప్పొచ్చు. సబ్ సెంటర్ స్టాక్ రిజిస్టర్‌లో ఓఆర్‌ఎస్, జింక్ పక్కపక్కన చూడండి. ఓఆర్‌ఎస్ కదిలి జింక్ కదలకపోతే నాలుగో వారం పోస్టు ఏమిటో తేలిపోయినట్టే.

మందుల_షాపు · సాయంత్రం 6:15
రాసి ఇస్తాం, ఇబ్బంది లేదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఐదు నిమిషాల పని. జింక్ కదలదు, ఇప్పుడే చెప్తున్నా.

చిన్నారి_వైద్యం · సాయంత్రం 6:38
జింక్ 14 రోజులు వాడాలి. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మి.గ్రా. బిళ్ల ఒకటి, రెండు నుంచి ఆరు నెలల వాళ్లకు సగం, చెంచాడు తల్లిపాలలోనో శుభ్రమైన నీళ్లలోనో కరిగించి. మూడో రోజుకు విరేచనాలు ఆగుతాయి, బిళ్లలూ ఆగిపోతాయి. మెసేజ్‌లతో గుర్తుచేద్దామంటే ఎవరు ఏ రోజు మొదలుపెట్టారో గ్రూపుకు తెలియదు. స్ట్రిప్ మీద మొదలుపెట్టిన తేదీ పెన్నుతో రాయడం చూపించే 15 సెకన్ల వీడియో చాలు.

ఫ్రేమ్_కట్ · రాత్రి 7:20
కొంచెం డబ్బు పెట్టి యాడ్ నడపాలనుకుంటే ఒక జాగ్రత్త. చూసేవాళ్ల జబ్బును ఎత్తిచూపే వాక్యాలను, అంటే ‘మీకు ఫలానా రోగం ఉందా?’ లాంటివాటిని ఇన్‌స్టా, ఫేస్‌బుక్ నడిపే మెటా తిప్పికొడుతుంది. ‘ఓఆర్‌ఎస్ కలిపే సరైన పద్ధతి’ అని రాస్తే గొడవ లేదు.

చెరువుకట్ట · రాత్రి 8:30
అందరికీ ధన్యవాదాలు. మొదటి పోస్టు మాటలు ఇలా రాశాం:
‘పిల్లలకు నీళ్ల విరేచనాలా? లీటరు బాటిల్ నిండా తాగే నీళ్లు. అందులో పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం. చెంచాతో మెల్లగా తాగించండి. 24 గంటల తర్వాత గ్లాసులో మిగిలింది పారబోయండి. తాగలేకపోతే, మలంలో రక్తం పడితే, మగతగా ఉంటే వెంటనే 108.’

మందుల_షాపు · రాత్రి 8:41
‘గ్లాసులో’ తీసేయండి. ఆ మాట చూసి గ్లాసులో కలుపుతారు.

ఫ్రేమ్_కట్ · రాత్రి 8:44
యాడ్‌గా నడిపే కాపీలో మొదటి వాక్యం కూడా మార్చండి. గ్రూపుల్లో పెట్టేదానికి అలాగే ఉండనివ్వండి, బాగుంది.

చిన్నారి_వైద్యం · రాత్రి 8:50
ప్రమాద సంకేతాలను విడిగా రెండో పోస్టు చేయండి. అందులో కళ్లు లోతుకు పోవడం, పొట్ట మీది చర్మాన్ని పట్టి వదిలితే మెల్లగా వెనక్కి వెళ్లడం, తాగినదంతా వాంతి కావడం కూడా రావాలి. ఈ పోస్టులో ‘తాగలేకపోతే 108’ ఒక్కటి చాలు.